ఒకే పత్రికకు జీవితమంతా బొమ్మలు వేసినవారు



పోయినసారి వార్షికోత్సవానికి జైపూర్ వచ్చినప్పుడు తొమ్మిదో తరగతి తమ్ముడు ఒకడు తన రఫ్ నోటుబుక్కు తెచ్చి చూపించాడు. లెక్కలు తక్కువ, బొమ్మలు ఎక్కువ. "అన్నా, బొమ్మలు వేసుకుంటా బతకొచ్చా?" అని అడిగాడు. ఆ రోజు సభ హడావుడిలో సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. ఈ వ్యాసం వాడి కోసమే రాస్తున్నాను. మిగతావాళ్లు కూడా చదవవచ్చు.

మన బొగ్గుబావుల వైపు 'ఒకే కంపెనీలో జీవితమంతా' అన్న మాటను ఎవరికీ విడమరచి చెప్పనక్కరలేదు. మా బాపు (బొమ్మల బాపు కాదు, మా నాయనే) శ్రీరాంపూర్ బావిలో మస్టర్ పడిన నాటి నుంచి దిగిపోయే దాకా వేరే పని ఎరుగడు. బొమ్మల లోకంలో కూడా అలాంటి మనుషులు ఉన్నారు. మన తెలుగులో వాళ్లను వెతకాలంటే 'చందమామ' తెరవాలి.

చందమామ 1947 జూలైలో మద్రాసు నుంచి తెలుగులో, తమిళంలో మొదలైంది. స్థాపించినవారు బి. నాగిరెడ్డి, చక్రపాణి. తర్వాత కన్నడం, హిందీ మొదలుకొని పదికి పైగా భాషలకు పాకింది. అన్ని భాషల్లోనూ కథ ఒకటే, బొమ్మ ఒకటే, పేజీలో బొమ్మ ఉండే చోటు కూడా ఒకటే. అక్షరాలు మాత్రం మారేవి. కాబట్టి ఒక చిత్రకారుడు మద్రాసులో ఒక బొమ్మ వేస్తే మన ఆదిలాబాదు పిల్లవాడూ, ఒరియా పిల్లవాడూ, గుజరాతీ పిల్లవాడూ అదే చూసేవారు. కథను అనువదించాలి గానీ బొమ్మను అనువదించనక్కరలేదు కదా!

ఆ బొమ్మలు వేసినవారిలో మొదట చెప్పవలసినది 'చిత్రా'. అసలు పేరు టి.వి. రాఘవన్. 1947లో చేరి 1978లో చనిపోయేదాకా చందమామకే వేశారు. 'తోకచుక్క', 'రాకాసిలోయ', 'శిథిలాలయం' వంటి సీరియళ్లకు బొమ్మలు ఆయనవే. శిఖిముఖి, విక్రమకేసరి అనగానే మా తరానికి కళ్ల ముందు నిలిచే రూపం రచయిత మాటల్లోంచి ఎంత వచ్చిందో చిత్రా కుంచెలోంచి అంత వచ్చింది. ఆ రాక్షసుల కోరలూ, కొండగుహలూ, అడవి మనుషుల ఈకల తలపాగాలూ ఆయన కల్పించినవే. తెలుగు కథకు తమిళ చిత్రకారుడు ప్రాణం పోశాడన్నమాట.

రెండో ఆయన శంకర్. పూర్తి పేరు కె.సి. శివశంకరన్. 1924లో తమిళనాడులోని ఒక పల్లెలో పుట్టారు. మద్రాసు ఆర్ట్స్ స్కూలులో దేవీప్రసాద్ రాయ్ చౌధురి ప్రిన్సిపాలుగా ఉన్న రోజుల్లో చదివారు. కొంతకాలం 'కలైమగళ్' అనే తమిళ పత్రికలో చేసి, 1950ల మొదట్లో చందమామకు వచ్చారు. ఇక కదలలేదు. భుజాన శవం, చేతిలో కత్తి, వెనక శ్మశానం, నడుస్తున్న విక్రమార్కుడు: ఆ బొమ్మ శంకర్‌దే. నెల నెలా కథ మారినా పైన ఆ బొమ్మ మారకపోయేది. పత్రిక 2012, 2013 ప్రాంతంలో ఆగిపోయేదాకా, అంటే దాదాపు అరవై ఏళ్లు ఆయన అందులో గీశారు. 2020 సెప్టెంబరులో 96 ఏళ్ల వయసులో కన్నుమూశారు. మరుసటి ఏడాది పద్మశ్రీ ప్రకటించారు. బతికి ఉన్నప్పుడే ఇస్తే ఏం పోయేదని నాకనిపిస్తుంది.

అందరూ అలా ఉండిపోలేదు. ముఖచిత్రాలతో పేరు తెచ్చిన మైసూరు వైపు ఎం.టి.వి. ఆచార్య కొన్నేళ్ల తర్వాత బెంగుళూరు వెళ్లి పోస్టు ద్వారా చిత్రకళ నేర్పే సంస్థ పెట్టారు. తర్వాత అట్టమీద బొమ్మలు వేసిన మన శ్రీకాకుళం వడ్డాది పాపయ్య 'యువ', 'స్వాతి' వంటి పత్రికలకు కూడా వేశారు. బొమ్మల బాపు సంగతి చెప్పనే అక్కరలేదు, ఆయన వేయని పత్రిక వెతకాల్సిందే.

రచయితల మాట కూడా చెప్పాలి. చిత్రా బొమ్మలు వేసిన ఆ సీరియళ్లను రాసింది దాసరి సుబ్రహ్మణ్యం. అర్ధశతాబ్దానికి పైగా చందమామలోనే పనిచేశారు. మేము నెలంతా ఎదురుచూసి చదివిన ఆ సీరియళ్లు ఎవరు రాశారో మాకు తెలియదు, ఎందుకంటే వాటి మీద ఆయన పేరు ఉండేది కాదు. కొడవటిగంటి కుటుంబరావు 1952 నుంచి 1980లో చనిపోయేదాకా పత్రికను నడిపించారు. ఎడిటర్ అని అచ్చయ్యే పేరు మాత్రం ఆయనది కాదు. చిత్రకారులు ఈ విషయంలో కాస్త అదృష్టవంతులు. బొమ్మ మూలన చిన్న సంతకం ఉండేది. దాసరి వారు 'బొమ్మరిల్లు'కు కూడా 'మృత్యులోయ' అనే సీరియల్ రాశారు. కాబట్టి 'ఒక్క పత్రికే' అన్న మాటను మరీ గట్టిగా పట్టుకోవద్దు.

ఇతర దేశాల్లో ఎలా ఉందో కొంచెం చూద్దాం. అమెరికాలో కామిక్స్ అంటే ప్రధానంగా రెండు కంపెనీలు: మార్వెల్, డీసీ. కర్ట్ స్వాన్ అనే ఆయన 1950ల నుంచి 1986 దాకా డీసీలో సూపర్‌మ్యాన్ బొమ్మలు గీస్తూ గడిపారు. జాక్ కర్బీ మాత్రం మార్వెల్‌లో 1961లో స్టాన్ లీతో కలిసి 'ఫెంటాస్టిక్ ఫోర్' సృష్టించి, 1970లో డీసీకి వెళ్లారు. తాను గీసిన అసలు కాగితాలు తిరిగి ఇవ్వమని మార్వెల్‌తో 1980లలో పెద్ద గొడవే పడ్డారు. 1987లో కొంత భాగమే చేతికొచ్చింది. ఆయన వారసులకూ కంపెనీకీ రాజీ కుదిరింది 2014లో. కర్బీ చనిపోయి అప్పటికి ఇరవై ఏళ్లు.

ఇక్కడే తమ్ముడు తెలుసుకోవలసిన అసలు సంగతి ఉంది. బావిలో తీసిన బొగ్గు కంపెనీది, అందులో వాదన లేదు. బొమ్మ ఎవరిది? మన దేశంలో కాపీరైట్ చట్టం 1957 నాటిది. దాని 17వ సెక్షన్ ప్రకారం, పత్రికలో జీతానికి పనిచేసే చిత్రకారుడు ఉద్యోగంలో భాగంగా బొమ్మ వేస్తే, వేరే ఒప్పందం లేనప్పుడు, దాన్ని పత్రికల్లో అచ్చువేసుకునే హక్కు యజమానిది. మిగతా విషయాల్లో, అంటే పుస్తకంగానో మరో రూపంలోనో వాడుకోవడంలో, మొదటి హక్కు చిత్రకారుడిదే. కానీ చేరేటప్పుడు "అన్ని హక్కులూ కంపెనీవే" అన్న కాగితం మీద సంతకం పెడితే ఆ మిగిలింది కూడా పోతుంది. 57వ సెక్షన్ ఇంకొకటి చెబుతుంది: హక్కులు అమ్ముకున్నా సరే, ఇది నేను వేసిన బొమ్మ అని చెప్పుకునే హక్కు వేసినవాడికే ఉంటుంది. మనిషి పోయిన తర్వాత కాపీరైట్ 60 ఏళ్లు నిలుస్తుంది. చిత్రా 1978లో పోయారు కాబట్టి, ఆయనకు మిగిలిన హక్కు ఏదైనా ఉంటే అది 2038 దాకా బతికే ఉంటుంది.

ఒకే చోట ఉండడం మంచిదా చెడ్డదా అంటే నేను ఒక్క మాటలో చెప్పలేను. శంకర్‌కు నెల జీతం వచ్చింది, నెల నెలా గీయవలసిన పేజీలు సిద్ధంగా ఉన్నాయి. రామాయణం, భారతం, జాతక కథలు అన్నీ గీసే అవకాశం దొరికింది. ఊరూరా తిరిగి పని అడుక్కునే చిత్రకారుడికి ఆ తీరిక ఉండదు. కానీ ఇల్లు కూలితే అందులో ఉన్నవాడి సంగతి? చందమామ 1998లో ఒకసారి ఆగి మరుసటి ఏడాది మళ్లీ వచ్చింది. 2007లో ముంబై కంపెనీ ఒకటి కొన్నది. ఆ తర్వాత అయిదారేళ్లకే ఆగిపోయింది. బావి మూతపడితే మనోళ్లను ఇంకో బావికి బదిలీ చేస్తారు. పత్రిక మూతపడితే బదిలీ ఎక్కడికి? శంకర్ తర్వాత 'రామకృష్ణ విజయం' అనే తమిళ పత్రికకు గీశారు, అప్పటికి ఆయనకు దాదాపు తొంభై ఏళ్లు.

తమ్ముడూ, నోటుబుక్కులో నువ్వు వేసిన మొసలి బాగుంది. శివ్వారం మొసలే అనుకుంటాను. కానీ ఆ పేజీల్లో ఎక్కడా నీ పేరు లేదు. వచ్చే వార్షికోత్సవానికి ఈ సంచికకే ముఖచిత్రం వేసి పంపు. కింద కుడి మూలన సంతకం పెట్టు, చిన్నగానే, తేదీతో సహా.