అక్షరములెన్ని? బైట్లెన్ని?

గుడివాడ యను పేరులో అక్షరములెన్ని యని బడిపిల్లవాని నడిగినచో నాలుగని చెప్పును. అదే ప్రశ్న కంప్యూటరు నడిగినచో ఒక లెక్కకు 7 అనియు, మరొక లెక్కకు 21 అనియు చెప్పును. ఈ మూడు సమాధానములును సరియైనవే. సమాచార పట్టికలను చదువునపుడు అనుకొన్న పరిమాణమొకటి, వచ్చిన పరిమాణ మొకటి యని కలవరపడువారు తరచుగా ఈ లెక్కలలో ఒకదానికి బదులు మరొకదానిని పట్టుకొన్నవారే.

కంప్యూటరు దేనినైనను బైట్ల వరుసగా దాచుకొనును. ఒక బైటు 0 మొదలు 255 వరకు గల ఒక్క సంఖ్యను మాత్రమే మోయగలదు. ఆంగ్ల అక్షరమునకు ఒక బైటు చాలును. తెలుగు సంగతి వేరు. 1991లో వెలువడిన యూనికోడ్ తొలి ప్రతిలోనే మన లిపికి స్థానము లభించినది. అందు హల్లు ఒక గుర్తు, గుణింతము ఒక గుర్తు, పొల్లు ఒకటి, సున్న ఒకటి. 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ అనువారు రూపొందించిన యూటీఎఫ్-8 పద్ధతిలో ఈ తెలుగు గుర్తులు ఒక్కొక్కటి 3 బైట్లు తీసికొనును. కనుక 'గుడివాడ' 7 గుర్తులు, 21 బైట్లు. 'దివిసీమ'యు అంతే. 'మచిలీపట్నం' 10 గుర్తులు, 30 బైట్లు.

ఇక నొక పట్టికలో ఊరిపేరునకు 20 బైట్ల గడి ఏర్పరచితిమనుకొందము. ఆంగ్లలిపిలో మచిలీపట్నమునకు 13 అక్షరములు, దివిసీమకు 9, గుడివాడకు 8. ఆ లిపితో పరీక్షించినవారికి 20 ధారాళముగా కనబడును. తెలుగులో వ్రాయగానే చిక్కు మొదలగును. కొన్ని వ్యవస్థలు పట్టదని తిప్పి పంపును. కొన్ని పట్టినంత మేరకు కోసి దాచుకొనును. అట్లు కోసినచో 'మచిలీప' వరకే మిగులును. గుడివాడలో చివరి 'డ'కు గల మూడు బైట్లలో రెండే నిలుచును. చదువునపుడు ఆ చోట ప్రశ్నార్థకపు గుర్తు ప్రత్యక్షమగును. 'అవనిగడ్డ', 'నాగాయలంక' 24 బైట్లు గనుక అవియు తెగును. 'కోడూరు' మాత్రము 18 బైట్లతో క్షేమముగా గట్టెక్కును. అందుచేత ఒక ఊరివారి వివరములు బాగుండి పొరుగూరివారివి చెడిపోవును. కారణము వెంటనే తోచదు.

ఇది చిన్న విషయము కాదు. 1977 నవంబరు 19న ఉప్పెన ముంచెత్తిన దివిసీమలో వేలాదిమంది మరణించిరి. అట్టి విపత్తులలో ఎవరు ఏ ఊరివారో తెలుపు జాబితాయే సహాయమునకు ఆధారము. నేడు అట్టి జాబితాలు కంప్యూటరు పట్టికలలో ఉండుచున్నవి. ఊరిపేరు తెగినచో మనిషి జాడయు తెగవచ్చును.

రెండవ చిక్కు పాత్రకు సంబంధించినది. చదివిన సమాచారము తాత్కాలికముగా నిలుచు చోటును బఫర్ అందురు. కుంచము కొలత వేరు, అందులో పోసిన బియ్యము వేరు. జావా భాషలోని బైట్‌బఫర్‌నకు మొత్తము పట్టుదల ఒకటి, చదువవలసిన తావు ఒకటి, ఆగవలసిన హద్దు ఒకటి ఉండును. ఈ రెంటి నడుమ నున్నదే మన సమాచారము. అది చూడక లోపలి వరుస నంతటిని తీసికొన్నచో 21 బైట్ల పేరునకు 1024 బైట్లు చేతికి రావచ్చును. అటులనే ప్రవాహముగా వచ్చు సమాచారము ఒకమారు అడిగినంత మాత్రమున అంతయు రాకపోవచ్చును. ముగింపు వరకు మరల మరల చదువవలెను.

అయినను భయపడ నక్కరలేదు. తప్పిన సంఖ్యయే తప్పు జాడను తెలుపును. గుడివాడ అని దాచి, తిరిగి చదివి, వచ్చిన బైట్లను లెక్కింపుడు. 21 వచ్చినచో అంతయు సవ్యమే. 7 వచ్చినచో అది గుర్తుల లెక్క గాని, గుర్తునకొక బైటు వాడు పాత ఇస్కీ పద్ధతి గాని కావచ్చును. 14 అయినచో గుర్తునకు రెండేసి బైట్ల యూటీఎఫ్-16 అని గ్రహింపవలెను. 28 అయినచో మూడు బైట్లను నాలుగు అక్షరములుగా మార్చు బేస్-64 రూపము. 34 అయినచో అది 20 గుర్తుల స్థిరమైన గడి; మిగిలిన 13 స్థానములు ఖాళీలతో నిండినవి. 42 అయినచో ఒకమారు యూటీఎఫ్-8గా మారినదానిని లాటిన్ లిపి యని భ్రమించి మరల మార్చియుండవచ్చును. 44 అయినచో బైటునకు రెండేసి అంకెలు వ్రాసి ముందు రెండు గుర్తులు చేర్చు పోస్ట్‌గ్రెస్ పద్ధతి జ్ఞప్తికి తెచ్చుకొనవలెను.

పట్టికలోనే బైట్లను, గుర్తులను వేరువేరుగా లెక్కించు సాధనములు గలవు. ముందుగా అక్కడ, పిదప చదివిన చోట లెక్కించినచో తేడా ఏ మజిలీలో వచ్చినదో తేలును. పట్టికను నిర్మించువారు మొదటి పరీక్షకే ఆంగ్లలిపిని విడిచి మన ఊళ్ల పేర్లను మన లిపిలో వాడినచో, ఈ చిక్కులలో పెక్కు గడప దాటకమునుపే బయటపడును.