వేసవి పక్షులు: పెన్న యొడ్డు, లంకమల పొదలు

వేసవి యనగానే మనకు ఎండయు, నీటి యెద్దడియు జ్ఞప్తికి వచ్చును. పక్షులను చూడగోరువానికి మాత్రము ఇది అనువైన కాలము. వాగులు సన్నగిలి, చెఱువులు ఇంకినకొలది, మిగిలిన నీటిచెంతకు పిట్టలన్నియు చేరును. తెల్లవాఱుజామున బయలుదేఱి, ఎండ ముదురకముందే తిరిగి రావలెను. పొద్దెక్కినపిదప అవి నీడపట్టున అణగియుండును.

జమ్మలమడుగువారికి మైలవరము జలాశయపు గట్టును, ప్రొద్దుటూరువారికి పెన్న యిసుకతిన్నెలును, పులివెందులవారికి గండి యొద్ద పాపఘ్ని యొడ్డును తగిన తావులు. ఈ మూడుచోట్లను నేను నడచి చూచితిని. మడుగున బుడబుంగ మునుగుచు తేలుచుండును. నీటికాకి బండపై ఱెక్కలు చాచి ఆఱబెట్టుకొనును. లకుముకిపిట్ట కొమ్మపై చేపకై పొంచియుండును.

తీతువు కూసిన కీడని మనవారు శంకింతురు. నిజమునకు అది గ్రుడ్లను కాచుకొను తల్లి వేయు కేక. ఆ పక్షి చెట్టున గూడు కట్టదు. కటికనేలపై గులకరాళ్ల నడుమ సాధారణముగా నాలుగు గ్రుడ్లు పెట్టును. ఎండ మాడ్చునపుడు పొట్టయీకలు నీట తడుపుకొనివచ్చి, గ్రుడ్లపై కూర్చుండి వానిని చల్లబఱచును. ఇట్టి తల్లిని చూచి శకునమేమని యెంచుట?

ఇక అడవి మాట. ప్రొద్దుటూరికి తూర్పున మైదుకూరు దాటి బద్వేలు వైపు పోయినచో లంకమల కొండల చాయలకు చేరుదుము. ఆ కొండల అడుగున ముండ్లపొదల నడుమ ఉండునదే కలివికోడి. 1848వ సంవత్సరమున జెర్డన్ అను వైద్యుడు దీనిని లోకమునకు తెలిపెను. 1900వ సంవత్సరము తరువాత ఎవ్వరికిని కానరాకపోవుటచే, ఇది నశించెనని పండితులు తలచిరి. 1986 జనవరిలో బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమువారు స్థానికుల తోడ్పాటుతో మన జిల్లాలోనే దీనిని మరల కనుగొనిరి. 1988లో ఆ ప్రాంతము శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యమైనది. తెలిసినంతవఱకు ఈ పక్షికి ప్రపంచమున మఱియొక నెలవు లేదు.

దీని పొడవు సుమారు 27 సెంటీమీటర్లు. ఱొమ్మున రెండు పట్టెలుండును. పగలు పొదలలో దాగి, రాత్రి సంచరించును. అందుచే చూచుట కష్టము. పరిశోధకులు దారులపై మెత్తని మన్ను పఱచి, ఉదయమున అడుగుజాడలను పరీక్షించిరి. దీనికి వెనుకవ్రేలు లేకుండుట ఒక ఆనవాలు.

ఆ పరిశోధనమువలన తేలినదేమనగా, హెక్టారునకు సుమారు 300 మొదలు 700 వఱకు పెద్దపొదలున్న నేల దీనికి మిక్కిలి అనుకూలము. పొదలు దట్టమైనను ఉండదు; పూర్తిగా నఱకినను ఉండదు. కావున మితముగా పశువులు మేయుటయు, కొద్దిపాటి కట్టెలు కొట్టుటయు కీడు కాదు. పొదలు పెఱికి నేలను చదును చేయుటయే చేటు. తెలుగుగంగ కాలువ త్రవ్వకము 2005లో దీని నెలవును తాకగా, తరువాత ఆ కాలువ దారిని మార్పవలసివచ్చినది. ఒక పిట్టకై కాలువ మరలుట చిన్నమాట కాదు.

ఇటీవల ఇది కానవచ్చుట మిక్కిలి అరుదైనది. చట్టము దీనిని రక్షించుచున్నది, పట్టుట నేరము. అయితే పొదలను కాచునది చట్టము మాత్రమే కాదు, ఊరి పెద్దల మాటయు. గొఱ్ఱెలకాపరులకును, కట్టెలకు పోవువారికిని మీ మాటయే శాసనము. పొదలను మొదలంట నఱకవలదని వారికి చెప్పుడు. రాత్రివేళ వింతకూత వినబడినను, క్రొత్త పక్షి కంటబడినను తఱుమక, అటవీశాఖవారికి తెలియజేయుడు. శాస్త్రజ్ఞులు ఎనుబదియాఱేండ్లు కానలేని పక్షిని మరల చూపినది అడవిని ఎఱిగిన పల్లెవారి కన్నే.