వాసన తెలియకపోతే...

2021లో కరోనా తగ్గిన కొత్తలో మా నాన్న, పప్పు తాలింపులో ఇంగువ వేయలేదని అమ్మమీద కేకలేశాడు. అమ్మ వేసింది. పక్కన పొయ్యిమీద అన్నం మాడుతున్నా ఆయన కదలకపోయేసరికి అసలు సంగతి మాకు అర్థమైంది.

ముక్కు లోపల పైభాగాన ఒక పలుచని పొర ఉంటుంది. అందులోని నాడీకణాలు వాసనను గ్రహించి మెదడుకు చేరవేస్తాయి. కరోనా వైరస్ ముఖ్యంగా ఈ నాడీకణాలకు ఆసరాగా ఉండే కణాలను దెబ్బతీస్తుంది. ఆ పొరలో కొత్త కణాలు పుడుతూ ఉంటాయి కనుక చాలామందికి కొన్ని వారాల్లో వాసన తిరిగివస్తుంది. కొందరికి నెలలు పడుతుంది.

పార్కిన్సన్స్ వ్యాధి దారి వేరు. ఆల్ఫా సైన్యూక్లిన్ అనే ప్రోటీన్ మెదడులోని వాసన కేంద్రంలో ముందుగానే పేరుకుంటుంది. అందుకే చేతులు వణకడానికి ఏళ్ళ ముందే చాలామందిలో వాసన తగ్గుతుంది. అల్జీమర్స్‌లోనూ తొలిదశలోనే తగ్గవచ్చు. అలాగని వాసన తగ్గినవారందరికీ ఈ జబ్బులు రావు. జలుబు, సైనస్, వయసు కూడా కారణాలే.

మిత్రులారా! వంటగ్యాసుకు సొంత వాసన ఉండదు. లీకైతే మనకు తెలియాలనే ఘాటువాసన కలుపుతారు. వాసన తెలియనివారికి ఆ హెచ్చరిక అందదు. వారిని పొయ్యి దగ్గర ఒంటరిగా వదలకండి. వైరస్ వల్ల వాసన పోతే గులాబీ, నిమ్మ, లవంగం, నీలగిరి తైలం రోజుకు రెండుసార్లు శ్రద్ధగా వాసన చూసే సాధన కొందరికి మేలు చేస్తుంది. అప్పటికీ రాకపోతే చెవి, ముక్కు, గొంతు డాక్టరుకు చూపించాలి.

ఇంట్లో పెద్దలు "కూర చప్పగా ఉంది" అంటే విసుక్కోకండి. మేము విసుక్కున్నాం.