నోరు ఊరుకున్నా ఒళ్ళు ఊరుకోదు

మీ తరగతిలో రాము అనే కుర్రాడున్నాడనుకుందాం. పక్క బెంచీవాడు వచ్చి, "ఒరేయ్, నీ లెక్కల నోట్సు ఇవ్వరా" అంటాడు. ఎల్లుండే పరీక్ష. రాముకి ఇవ్వాలని లేదు. అయినా, "సరే, తీసుకో" అని నవ్వుతాడు. కాదంటే వాడికి కోపం వస్తుందేమో, మాటా మాటా పెరుగుతుందేమోనని బెదురు. చూసేవాళ్ళు "రాము ఎంత నెమ్మదస్తుడో!" అంటారు. ఆ రాత్రి రాముకి మాత్రం అన్నం సయించదు, నిద్ర పట్టదు.

తగవంటే గిట్టక సర్దుకుపోయే స్వభావం చాలామందిలో ఉంటుంది. అది జబ్బు కాదు, పిరికితనమూ కాదు. నలుగురితో మంచిగా ఉండాలనుకోవడం మంచిదే. కాని పైకి నెమ్మదిగా కనిపించే మనిషి లోపల కూడా నెమ్మదిగానే ఉంటాడా? అదేమిటో చూద్దాం.

లోపల మోగే గంట

అపాయం ఎదురైనప్పుడు జంతువు శరీరంలో కలిగే మార్పులను అమెరికా శాస్త్రజ్ఞుడు వాల్టర్ కానన్ పరిశీలించి, 1915లో ఒక గ్రంథంగా ప్రచురించాడు. మన మూత్రపిండాలపైన టోపీల్లా అమరి ఉండే అధివృక్క గ్రంథులు అపాయం కలిగినప్పుడు అడ్రినలిన్ అనే హార్మోనును రక్తంలోకి వదులుతాయి. గుండె వేగంగా కొట్టుకుంటుంది. కాలేయం తనలో దాచిన చక్కెరను రక్తంలోకి పంపుతుంది. జీర్ణక్రియ మందగిస్తుంది. ఇదంతా ఎందుకు? పోరాడడానికి, లేదా పారిపోవడానికి!

మరి ఈ రెండూ చేయని ప్రాణులు లేవా? ఉన్నాయి. కుందేలు పొదలో కదలకుండా నక్కుతుంది. మీ వీధిలో రెండు కుక్కలు ఎదురుపడినప్పుడు గమనించండి. బలహీనమైనది తోక ముడిచి, వెల్లకిలా పడుకుని "నీతో నాకు తగవు లేదు" అన్నట్లు ప్రవర్తిస్తుంది. రాము అన్న "సరే" కూడా కొంచెం అలాంటిదే. గంట మోగింది, చక్కెర రక్తంలోకి వచ్చింది. కాని చెయ్యి లేవలేదు, కాలు కదలలేదు, నోరు పెగలలేదు.

దాచితే తగ్గుతుందా?

మనసులోని బాధను ముఖంలో కనబడనీయకపోతే అది తగ్గిపోతుందా? గ్రాస్, లెవెన్‌సన్ అనే ఇద్దరు అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞులు దీన్ని పరీక్షించి 1993లో ఫలితాలు ప్రకటించారు. కొందరికి శస్త్రచికిత్స దృశ్యాలున్న, చూస్తే జుగుప్స కలిగే చిన్న చలనచిత్రం చూపించారు. వారిలో సగంమందికి ఊరికే చూడమన్నారు. మిగతావారికి, "మీకేమనిపిస్తున్నదో చూసేవారికి తెలియనివ్వకండి" అని చెప్పారు.

రెండో జట్టువారి ముఖాలు నిజంగానే ప్రశాంతంగా కనిపించాయి. కాని వారికి కలిగిన జుగుప్స మొదటి జట్టువారికంటే ఏమీ తగ్గలేదు. పైగా వారి చేతులకు చెమట పట్టడం ఎక్కువైంది! ముఖాన్ని అదుపు చేయడమూ శరీరానికి ఒక పనే అన్నమాట.

ఇటువంటిది ఎప్పుడో ఒకసారి జరిగితే నష్టం లేదు. గంట కాసేపటికి ఆగిపోతుంది. రోజూ జరిగితేనే చిక్కు. అప్పుడు అధివృక్క గ్రంథులనుంచే వచ్చే కార్టిసాల్ అనే మరో హార్మోను పదేపదే విడుదలవుతూ ఉంటుంది. కొద్దిసేపు మేలు చేసే ఈ హార్మోను వారాల తరబడి ఎక్కువగా ఉంటే నిద్ర చెడుతుంది, రోగాలను ఎదిరించే శక్తి తగ్గుతుంది.

మరి మానలేరెందుకు?

తగవు తప్పించుకోగానే "హమ్మయ్య!" అనిపిస్తుంది కదూ? ఆ హాయే మనకు గురువవుతుంది. "ఈసారి కూడా ఇలాగే చెయ్యి" అని నేర్పుతుంది. దురద గోకినట్లే. గోకినప్పుడు హాయి, ఆ తరువాత పుండు. నోట్సు అడిగినవాడు రేపు కలం అడుగుతాడు, ఎల్లుండి తన హోమ్‌వర్కు రాసిపెట్టమంటాడు. వాడికి తాను బాధ పెడుతున్నట్లే తెలియదు. తెలియడానికి ఎవరూ చెప్పలేదు కదా!

మీరేం చేయవచ్చు?

అలవాటుగా నేర్చుకున్నదాన్ని మార్చుకోవచ్చు. ముందు మీ శరీరాన్ని గమనించండి. "సరే" అంటున్నప్పుడు దవడ బిగుస్తున్నదా? కడుపులో తిప్పుతున్నదా? అరచేతులు చెమర్చాయా? అలాగైతే వెంటనే జవాబు చెప్పకండి. "కాస్త ఆలోచించి చెప్తాను" అనండి. తరువాత మనిషిని ఏమీ అనకుండా, విషయం మాత్రం చెప్పండి: "నోట్సు నాకు ఈ రెండు రోజులూ కావాలిరా. పరీక్ష అయ్యాక ఇస్తాను." దీన్ని ముందు బాగా దగ్గర స్నేహితుడితో, చిన్న విషయంలో మొదలుపెట్టండి. మొదటిసారి గుండె దడదడలాడుతుంది. పదోసారికి అంతగా ఉండదు.

ఒక్క సంగతి మరవకండి. ఎదుటివాడు కొట్టేవాడో, బెదిరించేవాడో అయితే అక్కడినుంచి తప్పుకోవడమే తెలివి. కాని తప్పుకుని ఊరుకోవద్దు. ఇంట్లో పెద్దవాళ్ళకో, మీకు నమ్మకమున్న ఉపాధ్యాయులకో ఆ రోజే చెప్పండి.

మీ స్నేహితుల్లో ఎప్పుడూ "నాకేం ఫరవాలేదు" అనేవారుంటే, వారిని ఇంకొక్కసారి అడిగి చూడండి. అడిగాక, వారు జవాబు చెప్పేదాకా ఆగండి.