మన్యంలో హత్య, మైదానంలో వార్త

మన్యంలో హత్యలు రెండు రకాలుగా వార్తలకెక్కుతాయి. చనిపోయినవాడు నాయకుడై, చంపింది మావోయిస్టులైతే వారాల తరబడి మొదటి పేజీలో ఉంటాయి. చనిపోయింది కొండమీది గూడెంలో ఓ ముసలాయన, చంపింది ఊరివాళ్లు అయితే జిల్లా పేజీలో రెండు కాలమ్‌లు దొరుకుతాయి. పైన ‘చిల్లంగి (చేతబడి) అనుమానంతో’ అన్న శీర్షిక పడుతుంది. రెండో వార్త చిన్నదే గాని అది చేసే హాని చిన్నది కాదు. హత్య వార్తల్లో సంచలనం ఎక్కడ మొదలవుతుంది, ఎవరిని దెబ్బతీస్తుంది, చట్టం దాన్ని ఎంతవరకు ఆపగలుగుతుంది అన్న ప్రశ్నలు అరకు, పాడేరు కొండల్లో మరింత సూటిగా ఎదురవుతాయి. ఇక్కడ వార్తలో ఉన్నవాళ్లు వేరు, వార్త చదివేవాళ్లు వేరు. చదివేవాళ్లు విశాఖలో, విజయవాడలో ఉంటారు. వార్తలో ఉన్నవాళ్లలో చాలామంది ఇంట్లో మాట్లాడుకునేది కువి, ఆదివాసీ ఒడియా. తమ గురించి ఏం రాశారో చూసి ‘ఇది తప్పు’ అని చెప్పే అవకాశం వాళ్లకు ఉండదు.

2018 సెప్టెంబరు 23న అప్పటి అరకు ఎమ్మెల్యే కిడారి సర్వేశ్వరరావును, మాజీ ఎమ్మెల్యే సివేరి సోమను డుంబ్రిగుడ మండలం లివిటిపుట్టు దగ్గర మావోయిస్టులు అడ్డగించి కాల్చి చంపారు. సాయంత్రానికల్లా డుంబ్రిగుడ, అరకు పోలీసు స్టేషన్ల మీద జనం దాడి చేసి నిప్పుపెట్టారు. ఆ మంటలు టీవీల్లో పదేపదే తిరిగాయి. ఇంత పెద్ద ఘటనను పెద్దగా చెప్పడంలో తప్పేమీ లేదు. ఇబ్బంది ఆ తర్వాతి రోజుల్లో వచ్చింది. దాడికి ఎంతమంది వచ్చారన్న లెక్క ఒక్కో చోట ఒక్కోలా కనిపించింది. ఎందుకు చంపారంటే ఒకరు క్వారీ అన్నారు, ఒకరు బాక్సైట్ అన్నారు, ఇంకొకరు పార్టీ మారినందుకన్నారు. దర్యాప్తు ఇంకా మొదటి మెట్టు మీదే ఉంది, కారణాలు మాత్రం అప్పటికే తేలిపోయినట్టు చర్చలు నడిచాయి.

పోలీసుల ప్రత్యేక బృందం నుంచి కేసు ఆ డిసెంబరులో జాతీయ దర్యాప్తు సంస్థకు వెళ్లింది. మావోయిస్టులకు సహకరించారన్న ఆరోపణ మీద చుట్టుపక్కల గ్రామస్థులు కొందరు అరెస్టయ్యారు. మన్యంలో ‘సహకరించారు’ అన్న మాటను నగరంలోలాగా తేలిగ్గా రాయడానికి వీల్లేదు. రాత్రి సాయుధులు వచ్చి అన్నం పెట్టమంటే కాదనే ధైర్యం గూడెంలో ఎవరికీ ఉండదు. తెల్లారి పోలీసులు వచ్చి అడిగితే చెప్పక తప్పదు. పత్రిక ఒకరిని మావోయిస్టుల కొరియర్ అని రాస్తే పోలీసుల కన్ను పడుతుంది. పోలీసులకు సమాచారం ఇచ్చాడని రాస్తే అతడికి ఇన్ఫార్మర్ ముద్ర పడుతుంది. ఆ ముద్రతో ఈ కొండల్లో ఎంతోమంది గిరిజనులు హతమయ్యారు. అంటే ఒక హత్య గురించి అజాగ్రత్తగా రాసిన వాక్యం ఇంకో హత్యకు కారణం కావచ్చు. పత్రికా నీతి పుస్తకాల్లో ఈ విషయానికి దక్కవలసినంత చోటు దక్కలేదు.

చిల్లంగి హత్యల సంగతి ఇంకొంచెం వివరంగా చెప్పుకోవాలి. గూడెంలో వరుసగా ఇద్దరు ముగ్గురు పోతారు. లేదా పశువులు చస్తాయి, బిడ్డ జ్వరం తగ్గదు. ఆస్పత్రి దూరం. దారి లేనిచోట రోగిని డోలీ కట్టి మోసుకుపోవాలి. చావుకు కారణం చెప్పేవాళ్లు లేనప్పుడు ఊరే ఓ కారణాన్ని వెతుక్కుంటుంది. వేళ్లన్నీ ఒకరి వైపు తిరుగుతాయి. ఎక్కువసార్లు ఆ ఒకరు వయసు మళ్లినవాళ్లు, మందూమాకూ తెలిసినవాళ్లు, లేదా భూమి తగాదాలో అవతలి పక్షంవాళ్లు. పంచాయితీ పెడతారు, తప్పు ఒప్పుకోమంటారు, జరిమానా వేస్తారు, ఊరు వదిలి పొమ్మంటారు. కొన్నిసార్లు చంపేస్తారు. శవాన్ని కాల్చేసి ఊరంతా నోరు మెదపకపోతే పోలీసులకు తెలిసేసరికి రోజులు గడిచిపోతాయి.

ఇది టీవీలోకి వచ్చేసరికి తెరమీద నిమ్మకాయలు, పసుపు కుంకుమ, గుడ్డబొమ్మలు, పొగ, పుర్రె ప్రత్యక్షమవుతాయి. ఇవన్నీ మైదానపు సినిమాల్లోని చేతబడి సరంజామా. డుంబ్రిగుడలోనో హుకుంపేటలోనో జరిగిన హత్యతో వాటికి ఏ సంబంధమూ లేదు. పత్రిక శీర్షిక ‘చేతబడి చేస్తున్నాడని చంపేశారు’ అంటుంది. చదివినవాడి మనసులో మిగిలేది ‘చంపేశారు’ కాదు, ‘చేతబడి’. నిజానికి అక్కడ జరిగింది ఒక్కటే నేరం, అది హత్య. శీర్షిక రెండు నేరాలు జరిగినట్టు, ఒకదానికి ఇంకొకటి జవాబైనట్టు చూపిస్తుంది. చనిపోయినవాడి కుటుంబం ఆ ఊళ్లోనే బతకాలి. ‘చిల్లంగోళ్ల ఇల్లు’ అన్న పేరు అచ్చులో కూడా ఖాయమైతే ఆ ఇంటి ఆడపిల్లకు సంబంధం రావడమూ కష్టమే. ‘గిరిజనుల్లో ఇంకా తొలగని మూఢత్వం’ అని వార్తకు చివర తగిలించే వాక్యం మరో దెబ్బ. అది ఒక గూడెంలో కొందరు చేసిన నేరాన్ని మొత్తం తెగ మీద రుద్దుతుంది. అసలు అడగాల్సిన ప్రశ్న, చిల్లంగి అన్న మాట పుట్టకముందు ఆ ఊళ్లో వాళ్లు దేనితో చనిపోయారు అన్నది. మలేరియాతోనా, ఆంత్రాక్స్‌తోనా, తాగే నీటితోనా? ఆ ఊరికి ఆరోగ్య కార్యకర్త చివరిసారి ఎప్పుడు వెళ్లారు? ఈ ప్రశ్న వేసిన వార్తలు అరుదు. కొండకు అవతల ఒడిశాలో మంత్రగత్తెల పేరిట జరిగే వేధింపులను ఆపడానికి 2013లో ప్రత్యేక చట్టం వచ్చింది. ఇవతల మామూలు హత్యానేరం కిందే కేసు కడతారు. ఆ తేడా మీద కూడా చర్చ జరగదు. పొగా పుర్రే చూపించడం తేలిక మరి.

పేర్లు, ఫొటోల విషయంలో చట్టం కొంత స్పష్టంగానే ఉంది. అత్యాచార బాధితుల గుర్తింపు బయటపెట్టడం భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ ప్రకారం నేరం. బాధితురాలు హత్యకు గురైనా ఆ రక్షణ పోదని నిపుణ్ సక్సేనా కేసులో 2018 డిసెంబరు 11న సుప్రీంకోర్టు చెప్పింది. పేరు రాయకపోతే సరిపోదు, ఆనవాలు పట్టడానికి వీలైన ఏ వివరమూ రాయకూడదన్నది. కొండల్లో ఈ మాటకు ఉన్న బరువు వేరు. ముప్పై గడపల గూడెంలో ఊరిపేరు, వయసు, ‘ఫలానా పదవిలో ఉన్నవాడి కోడలు’ అని రాస్తే పేరు రాసినట్టే. జి.మాడుగుల మండలంలోని వాకపల్లినే చూడండి. 2007 ఆగస్టులో గ్రేహౌండ్స్ పోలీసులు తమపై అత్యాచారం చేశారని అక్కడి 11 మంది కోందు మహిళలు ఫిర్యాదు చేశారు. 2023 ఏప్రిల్‌లో విశాఖలోని ప్రత్యేక న్యాయస్థానం నిందితులను విడుదల చేసింది. దర్యాప్తులోని లోపాలను ఎత్తిచూపి, ఆ మహిళలకు పరిహారం ఇవ్వాలనీ చెప్పింది. ఈ పదహారేళ్లలో ఆ ఊరిపేరే కేసు పేరైపోయింది. న్యాయం కోసం ఆ మహిళలు తామై బయటికొచ్చి మాట్లాడారు, నిజమే. కానీ ఆ ఊళ్లో పుట్టిన ప్రతి ఆడపిల్లా ఆ పేరును మోయాలని వాళ్లు ఒప్పుకున్నట్టు కాదు.

సంచలనానికి సరుకు ఎక్కువగా వచ్చేది పోలీసుల ప్రెస్‌మీట్ నుంచే. బల్ల మీద గొడ్డలో కత్తో, పక్కన రెండు సెల్‌ఫోన్లు, వెనక ముసుగులు తొడిగి నిలబెట్టిన మనుషులు, ముందు మైకుల గుత్తి. అధికారి ‘నేరం ఒప్పుకున్నారు’ అంటారు. మర్నాడు అదే పతాక శీర్షిక. పోలీసుల ముందు ఇచ్చిన నేరాంగీకారం కోర్టులో సాక్ష్యం కాదు. బ్రిటిష్‌వాళ్ల సాక్ష్య చట్టం నుంచి ఇప్పటి భారతీయ సాక్ష్య అధినియం 23వ సెక్షన్ దాకా చట్టం ఇదే చెబుతోంది. కోర్టు వినని మాటను పాఠకుడికి తీర్పులా వినిపిస్తున్నారన్నమాట. ఆ ముసుగులకూ ఒక పని ఉంది. సాక్షి నిందితుణ్ని జైల్లో గుర్తించే పరీక్ష జరగకముందే ఫొటో పేపర్లో పడితే ఆ గుర్తింపుకు కోర్టులో విలువ పోతుంది. ఆత్రంతో వేసిన ఫొటో అసలు దోషిని తప్పించడానికీ పనికొస్తుంది. పోలీసులు మీడియాకు ఏం చెప్పాలి, ఎంతవరకు చెప్పాలి అన్న దానిపై మార్గదర్శకాలు తయారుచేయాలని 2023 సెప్టెంబరులో సుప్రీంకోర్టు కేంద్ర హోంశాఖను ఆదేశించింది.

తొందరపాటుకు తెలుగునేల కట్టిన మూల్యం తెలియనిది కాదు. 2007 డిసెంబరు 27న విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం హాస్టల్లో ఓ ఫార్మసీ విద్యార్థిని హత్యకు గురైంది. అనుమానితుల పేర్లు ఒకదాని వెంట ఒకటి ప్రచారంలోకి వచ్చాయి. చివరికి 2008లో ఓ పేద దళిత యువకుణ్ని అరెస్టు చేశారు, 2010లో శిక్ష పడింది. అతడు దోషి కాదని చనిపోయిన అమ్మాయి తల్లిదండ్రులే చెబుతూ వచ్చారు. 2017 మార్చి 31న హైకోర్టు అతణ్ని నిర్దోషిగా విడుదల చేసింది. అప్పటికి జైల్లో ఎనిమిదేళ్లు దాటాయి. 2019 నవంబరులో శంషాబాద్ దగ్గర జరిగిన హత్యలో నలుగురు నిందితులు డిసెంబరు 6న చటాన్‌పల్లి వద్ద పోలీసు కాల్పుల్లో చనిపోయినప్పుడు పోలీసుల మీద పూలు చల్లడం అందరూ చూశారు. ఆ కాల్పులు చంపాలన్న ఉద్దేశంతోనే జరిగాయని జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్ నివేదిక చెప్పింది. అది 2022 మేలో బయటికొచ్చేసరికి పూలు చల్లినవాళ్లూ చల్లించినవాళ్లూ వేరే వార్తల్లో పడిపోయారు.

విలేకరి ఒక్కణ్నే నిందించడం అన్యాయం. 1989లో ‘ఈనాడు’ జిల్లా పత్రికలు మొదలుపెట్టాక ఇతర పత్రికలూ అదే దారి పట్టాయి. మండలానికో కంట్రిబ్యూటర్ వచ్చాడు. మారుమూల సంగతులు అచ్చుకెక్కడం గొప్ప మార్పే. కానీ ఆ కంట్రిబ్యూటర్‌కు జీతం ఉండదు, ఉన్నా నామమాత్రం. ప్రకటనలు తేవాలి, స్టేషన్‌తో సఖ్యంగా ఉండాలి, సాయంత్రంలోగా వార్త పంపాలి. ఘటన జరిగిన గూడేనికి నడిచి వెళ్లే తీరిక అతడికి ఎక్కడిది? స్టేషన్ నుంచి వచ్చిన వాట్సాప్ సందేశమే వార్త అవుతుంది. టీవీకి రేటింగ్, యూట్యూబ్‌కు థంబ్‌నెయిల్ తోడయ్యాక ‘అసలేం జరిగిందంటే’, ‘కేసులో కొత్త ట్విస్ట్’ అన్న తంతు రోజూ సాగాలి. ట్విస్ట్ లేనిరోజు పుట్టించాలి.

గట్టిగా అరవడం ప్రతిసారీ తప్పనడానికీ లేదు. ఢిల్లీలో జెస్సికా లాల్ హత్య కేసులో 2006 ఫిబ్రవరిలో నిందితులంతా విడుదలైతే, పత్రికలు పట్టు వదలకపోవడం వల్లే కేసు మళ్లీ కదిలి అదే ఏడాది డిసెంబరులో హైకోర్టు శిక్ష వేసింది. మన్యంలో పత్రికలే లేకపోతే చాలా హత్యలు ఊరి పొలిమేర దాటవు. అయితే బలవంతుణ్ని వదిలేశారని వ్యవస్థను నిలదీయడం వేరు, నోరులేనివాణ్ని కోర్టుకంటే ముందే హంతకుడనడం వేరు. మొదటిది పత్రిక పని, రెండోది పత్రిక పని కాదు.

నియమాలు లేకపోలేదు. 1978 చట్టం కింద ఏర్పడిన ప్రెస్ కౌన్సిల్‌కు పాత్రికేయ ప్రమాణాల పుస్తకమే ఉంది. కానీ దాని పరిధి పత్రికల వరకే, శక్తి హెచ్చరిక, మందలింపుల వరకే. టీవీలకు ఛానెళ్ల సంఘం తానుగా పెట్టుకున్న సంస్థ ఉంది, సభ్యులు కాని ఛానెళ్ల మీద దాని మాట చెల్లదు. 1971 కోర్టు ధిక్కార చట్టంలోని లెక్క ప్రకారం క్రిమినల్ కేసు ‘పెండింగు’లోకి వచ్చేది ఛార్జిషీటు పడ్డాకో, సమన్లో వారంటో వెలువడ్డాకో. అరెస్టుకూ ఛార్జిషీటుకూ మధ్య కాలమే వార్తలకు పండగ, ఆ కాలంలోనే చట్టం పట్టు సడలి ఉంది. సుశాంత్ సింగ్ రాజ్‌పుత్ మరణం మీద టీవీల హోరు విన్నాక బొంబాయి హైకోర్టు 2021 జనవరి 18న ఇచ్చిన తీర్పులో, దర్యాప్తు దశలోని మీడియా విచారణ కూడా న్యాయ ప్రక్రియకు అడ్డే అని చెప్పింది. ఆ మరణంలో కుట్ర ఏదీ కనబడలేదని సీబీఐ 2025లో నివేదిక ఇచ్చింది. అప్పటిదాకా హంతకురాలిగా టీవీలు చూపిన నటికి ఆ రోజు దక్కిన ప్రసార సమయం ఎంతో ప్రేక్షకులకు తెలుసు.

ఒక పని మాత్రం ఏ చట్టం లేకుండానే చేయవచ్చు. అరెస్టు వార్త ఏ పేజీలో, ఎంత చోటులో వేశారో నిర్దోషిగా విడుదలైన వార్తనూ ఆ పేజీలో, అంత చోటులో వేయడం. విశాఖ నుంచి విడుదలై కొండెక్కే మనిషికి ఊళ్లో తిరిగి తలెత్తుకోవడానికి అది కావాలి.

పాఠకుడి చేతిలోనూ ఒక దారి ఉంది. పత్రిక తప్పు రాసిందనిపిస్తే ముందు ఆ సంపాదకుడికి రాతపూర్వకంగా తెలపాలి. జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిపోకపోయినా ప్రెస్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయవచ్చు. దినపత్రికలో వచ్చినదానికి గడువు ప్రచురణ తేదీ నుంచి రెండు నెలలు. ఫిర్యాదు చేసేవాళ్లు ఆ వార్తలో ఉన్నవాళ్లే కావాల్సిన పనిలేదు, పాఠకుడు ఎవరైనా చేయవచ్చు.