షర్టు బిల్లులో ఇంకా 12 శాతమేనా? ట్యాలీలో ముందు చూడాల్సినవి ఇవీ

పన్ను కాకుండా 1,800 రూపాయల షర్టు. బిల్లులో జీఎస్టీ 216 రూపాయలు పడింది. పడాల్సింది 90 మాత్రమే. కస్టమర్ అడిగితే కౌంటర్‌లో ఉన్న అబ్బాయి చెప్పే జవాబు ఒకటే: "సిస్టమ్‌లో అలాగే వస్తోంది అన్నా."

సిస్టమ్ కూడికలో తప్పు చేయదు. దానికి ఇచ్చిన అంకె పాతది, అంతే. 2025 సెప్టెంబర్ 22 నుంచి రెడీమేడ్ బట్టల మీద పన్ను మారింది. ఒక్కో పీస్ 2,500 రూపాయల వరకు 5 శాతం, అది దాటితే 18 శాతం. అంతకుముందు 1,000 వరకు 5, ఆపైన 12 ఉండేది. కాబట్టి ఆ తేదీ తర్వాత కొన్న బట్టల బిల్లులో 12 కనబడితే అనుమానం అక్కర్లేదు, అది పాత సెట్టింగే.

నంద్యాల, ఆళ్లగడ్డ షాపుల్లో లెక్కలంటే ఎక్కువమందికి ట్యాలీయే. అందులో పన్ను రేటు ఒక్కచోటే ఉండదు. కంపెనీ స్థాయిలో పెట్టొచ్చు, స్టాక్ గ్రూపులో పెట్టొచ్చు, ఒక్కో ఐటమ్‌కు విడిగా కూడా పెట్టొచ్చు. చిక్కు ఇక్కడే వస్తుంది. అకౌంటెంట్ గ్రూపులో కొత్త రేటు వేసి పని అయిపోయిందనుకుంటాడు. కానీ ఎప్పుడో కొన్ని ఐటమ్‌లకు రేటు అక్కడే విడిగా రాసి ఉంటారు. అవి గ్రూపు మాట వినవు. అందుకే తప్పు బిల్లు దొరికితే ముందు ఆ ఐటమ్ తెరిచి, రేటు పైనుంచి తీసుకుంటోందా, అక్కడే రాసి ఉందా అన్నది చూడాలి. బట్టలకు రేటు ధరను బట్టి మారుతుంది కాబట్టి శాతం ఒక్కటి మార్చినా చాలదు. స్లాబులో 1,000 ఉన్నచోట 2,500 పెట్టాలి.

ఎక్కువ వేస్తే కస్టమర్ అడుగుతాడు, బయటపడుతుంది. తక్కువ వేస్తే అడిగేవాళ్లుండరు. 4,000 రూపాయల పెళ్లి డ్రెస్సుకు పాత రేటుతో 480 వస్తుంది, ఇప్పుడు 720 రావాలి. ఆ 240 చివరికి షాపువాళ్లే కట్టుకోవాలి. పండగ సీజన్‌లో ఇలాంటివి వంద పీసులు పోతే 24,000. పోనీ ఎక్కువ వసూలైంది మిగులుతుందా అంటే అదీ లేదు, పన్ను పేరుతో తీసుకున్న ప్రతి రూపాయీ ప్రభుత్వానికి కట్టాల్సిందే.

కొత్త రేటు వేసేటప్పుడు ఏ తేదీ నుంచి వర్తిస్తుందో ట్యాలీలో ఇవ్వాలి. అక్కడ సెప్టెంబర్ 22 ఉండాలి. పాత రేటును చెరిపేయకూడదు, ఎందుకంటే ఆ తేదీకి ముందు అమ్మిన సరుకు వెనక్కి వస్తే క్రెడిట్ నోట్ పాత రేటుతోనే ఇవ్వాలి.

బియ్యం వ్యాపారులది ఇంకో తంటా. ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యానికి 25 కిలోల వరకు 5 శాతం పన్ను, 2022 జూలై 18 నుంచి. 25 దాటితే లేదు. మార్కెట్లో 26 కిలోల బస్తా ఎందుకు కనబడుతోందో దీన్ని బట్టి అర్థమవుతుంది. రెండు బస్తాలనూ ఒకే ఐటమ్ కింద రాస్తే బిల్లు తప్పుతుంది. విడివిడిగా రెండు ఐటమ్‌లు పెట్టుకోవాలి.

హైదరాబాద్ పార్టీలతో మరో పొరపాటు జరుగుతుంది. జీఎస్టీ నంబర్‌లో మొదటి రెండు అంకెలు రాష్ట్రం కోడ్: ఆంధ్రప్రదేశ్‌కు 37, తెలంగాణకు 36. లెడ్జర్‌లో రాష్ట్రం తప్పుగా ఉంటే ఐజీఎస్టీ పడాల్సిన బిల్లుకు సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ పడతాయి. నంబర్ 36తో మొదలైందా, లెడ్జర్‌లో తెలంగాణ ఉందా? ఈ రెండూ కలిపి చూస్తే చాలు.

కొన్నిసార్లు అసలు బిల్లే ఎక్కదు. నెలలో 1, 2, చివరి తేదీ తప్ప వేరే తేదీ తీసుకోవడం లేదంటే ట్యాలీ ఎడ్యుకేషనల్ మోడ్‌లోకి వెళ్లింది. నాలుగైదు కంప్యూటర్లున్న షాపులో రూటర్ మార్చాక ఇలా కావచ్చు. లైసెన్స్ ఉన్న మెయిన్ కంప్యూటర్ ఐపీ అడ్రస్ మారిపోయి మిగతావాటికి అది దొరకదు. దానికి మారని ఐపీ ఇచ్చి, ఫైర్‌వాల్‌లో ట్యాలీని అనుమతించాలి. ఇలాంటప్పుడు ట్యాలీని తీసేసి మళ్లీ వేయడం పిచ్చిపని.

ఏది సరిచేయాలన్నా ముందు బ్యాకప్ తీయాలి. ఆల్ట్, వై నొక్కితే డేటా మెనూలో ఉంటుంది. తర్వాత ఒక్కసారికి ఒక్కటే మార్చి, ఒక టెస్ట్ బిల్లు కొట్టి చూసి దాన్ని తీసేయాలి. మూడు నాలుగు ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో, ఏది కొత్తగా చెడిందో ఎవరికీ తెలియదు.

బీకాం చదివి నెల జీతానికి షాపులో కూర్చున్న పిల్లలు ఇంకొకటి అడిగి చేయించుకోవాలి. అందరూ ఒకే పాస్‌వర్డ్‌తో పనిచేసే చోట తప్పు ఎవరు చేసినా మాట పడేది అకౌంటెంటే. ఎవరి యూజర్ పేరు వాళ్లకు పెట్టి, ఎడిట్ లాగ్ ఆన్‌లో ఉంచితే ఏ ఐటమ్‌లో ఏం మారిందో, ఎప్పుడు మారిందో, ఎవరి పేరు మీద మారిందో అందులోనే ఉంటుంది.