ఇల్లు అమ్మేటప్పుడు దాచకూడని మాటలు

ఇల్లు అమ్మి, రిజిస్ట్రేషన్ పూర్తయితే మన బాధ్యత తీరిపోయిందనుకుంటాం. అటు దీన్, ఇటు చట్టం రెండూ ఆ మాట ఒప్పుకోవు.

2022 జులైలో భద్రాచలం వద్ద గోదావరి 71 అడుగులు దాటింది. 2024 సెప్టెంబరు 1న మున్నేరు పొంగి ఖమ్మంలో బొక్కలగడ్డ వంటి బస్తీలు మునిగాయి. నీళ్లు తీశాక గోడలకు ప్లాస్టరింగు చేయించి రంగులు వేయించుకున్నాం. అలాంటి ఇల్లు అమ్మేటప్పుడు నీళ్లు ఎంత ఎత్తున నిలిచాయో చెబుతున్నామా? పాత పునాది మీద అనుమతి లేకుండా అంతస్తు లేపితే ఆ సంగతి చెబుతున్నామా? ఇది ప్రాణాల మాట. 2025 మార్చి 26న భద్రాచలంలో కడుతుండగానే బహుళ అంతస్తుల భవనం కూలి పనివాళ్లు చనిపోయారు.

1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ ఏమంటుందంటే, అమ్మేవారికి తెలిసి, కొనేవారు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని ముఖ్యమైన లోపాన్ని చెప్పి తీరాలి. చెప్పకపోతే మోసం కిందే లెక్క. మోసం బయటపడిన నాటి నుంచి సాధారణంగా 3 ఏళ్లలోపు కోర్టుకు వెళ్లవచ్చు. బిల్డరు దగ్గర రెరాలో నమోదైన ఇల్లు కొంటే, స్వాధీనం చేసిన 5 ఏళ్లలోపు బయటపడిన కట్టుబడి లోపాలను అతనే తన ఖర్చుతో బాగుచేయాలి.

కళ్లకు కనిపించే పగుళ్లను చూసుకోవలసింది మాత్రం కొనేవారే. ఒక మేస్త్రీని వెంట తీసుకెళ్లాలి. వరద ఎంతవరకు వచ్చిందో ఇరుగుపొరుగును అడగాలి. ప్లాను అనుమతి చూడాలి. ఇంటి పన్ను రసీదు అనుమతి పత్రం కాదు. అనుమతి లేని గదికి నోటీసు వస్తే, అది ఇప్పుడు ఆ ఇంట్లో ఉన్నవారి తలుపే తడుతుంది. ఏజెన్సీ గ్రామాల్లోనైతే గిరిజనేతరులు కొనడమే 1/70 ప్రకారం చెల్లదు. అక్కడ బయానా ఇచ్చే ముందే ఆగాలి.

ప్రవక్త ముహమ్మద్ (స) ఒకసారి ధాన్యపు రాశిలో చేయి పెడితే లోపల తడి తగిలింది. వాన వల్ల తడిసిందని వ్యాపారి చెప్పాడు. మరి జనానికి కనబడేలా ఆ తడి గింజలు పైనే ఎందుకు ఉంచలేదని ఆయన నిలదీశారు. రంగు కింద దాగిన గోడ చెమ్మ కూడా అలాంటిదే.

అందుకే మేము చెప్పేది ఇంతే. అగ్రిమెంటులోనే నాలుగు ముక్కలు రాయించండి: వరద ఎంత ఎత్తు వచ్చింది, ఏ గది ఎప్పుడు కట్టారు, దేనికి అనుమతి ఉంది, దేనికి లేదు. ధర కొంత తగ్గవచ్చు. కానీ పెళ్లికనో చదువుకనో పైసా పైసా కూడబెట్టి, ఆ డబ్బుతో ఇల్లు కొన్న కుటుంబం రేపు మన గడప ముందుకొచ్చి ఏడిస్తే, దాచి సంపాదించిన ఆ సొమ్ములో బరకత్ ఎక్కడ ఉంటుంది?